తుఫాను వేళ మ్యుయాన్ల లెక్క: నెల్లూరు తీరంలో చేయదగ్గ ఒక కణభౌతిక ప్రయోగం

కణభౌతిక ప్రయోగం అనగానే జెనీవా దగ్గరి 27 కిలోమీటర్ల సొరంగం గుర్తొస్తుంది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో గానీ, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలో గానీ అలాంటి యంత్రం పెట్టడం జరిగే పని కాదు. కానీ కణాలు మాత్రం ఇక్కడికీ వస్తాయి, అదీ ఉచితంగా. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు పై వాతావరణాన్ని గుద్దినప్పుడు పయాన్లు అనే అల్పాయుష్షు కణాలు పుడతాయి. అవి విఘటనం చెంది మ్యుయాన్లవుతాయి, అంటే ఎలక్ట్రాన్ లాంటివే గానీ దానికంటే బరువైన కణాలు. సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టిన మ్యుయాన్లు సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరుకూ నిమిషానికి ఒకటి చొప్పున దిగుతాయి. చాచిన అరచేతిలోంచి నిమిషానికి వంద దాకా దూసుకుపోతాయన్నమాట.

ఈ మ్యుయాన్లకూ మన తుఫాన్లకూ సూటి సంబంధం ఉంది. తలమీద గాలి బరువు పెరిగితే నేలకు చేరే మ్యుయాన్లు తగ్గుతాయి, బరువు తగ్గితే పెరుగుతాయి. విశ్వకిరణాల మీద వాయుపీడన ప్రభావాన్ని 1926లో లెనిన్‌గ్రాడ్‌లో మిసోవ్‌స్కీ, తువిమ్ గుర్తించారు. సముద్ర మట్టం దగ్గర పీడనం ఒక హెక్టోపాస్కల్ (పాత లెక్కలో ఒక మిల్లీబార్) తగ్గితే మ్యుయాన్లు 0.1 నుంచి 0.2 శాతం పెరుగుతాయి. ఇక్కడ లెక్కల కోసం 0.15 శాతం అనుకుందాం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫాను దగ్గరగా వెళ్తే పీడనం 10 హెక్టోపాస్కల్స్, ఇంకాస్త ఎక్కువా పడుతుంది. అంటే మ్యుయాన్లలో ఒకటిన్నర శాతం పెరుగుదల. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను కేంద్రంలో పీడనం 930 హెక్టోపాస్కల్స్ దాకా పడిందని అంచనా. ఆ కన్ను కింద డిటెక్టరు ఉండుంటే మామూలు కంటే పది శాతానికి పైగా ఎక్కువ చూపించేది, పైకప్పు నిలిచి ఉంటే.

ఒకటిన్నర శాతం కొలవడం వినడానికి చిన్న పనే. కష్టమంతా మరోచోట ఉంది. తుఫాను ఒక్క పీడనాన్నే మార్చదు. ఉష్ణోగ్రత, తేమ, కరెంటు, మిద్దె మీది నీళ్లు, గాలిలోని రేడియోధార్మికత అన్నీ ఒకేసారి మారతాయి. వీటిలో కొన్ని సరిగ్గా మ్యుయాన్లు పెరిగినట్టే భ్రమ కల్పిస్తాయి.

పలకలు, వెలుగు, చీకటి

ప్రయోగానికి కావలసింది ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలు, అంటే కణం దూసుకుపోతే మినుకుమనే ప్లాస్టిక్. 20 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటరు మందం ఉంటే సరిపోతుంది. మ్యుయాన్ ఆ సెంటీమీటరు దాటేటప్పుడు దాదాపు 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వదులుతుంది. మెగా ఎలక్ట్రాన్ వోల్టుకు పది వేల చొప్పున సుమారు 20 వేల నీలి ఫోటాన్లు పుడతాయి. పలక అంచున 6 మిల్లీమీటర్ల చదరపు సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ (కొద్దిపాటి వెలుగును కూడా విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సరు) అతికిస్తే, పలకలో తిరిగి తిరిగి ఆరిపోయినవి పోగా అది పసిగట్టేది కొన్ని పదులు మాత్రమే. పదులే అయినా చాలు.

ఇటుక, సిమెంటు గదిలో గ్యాస్ డిటెక్టర్లు కూడా పెట్టవచ్చు. భారత న్యూట్రినో అబ్జర్వేటరీ కోసం అభివృద్ధి చేసిన రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్లు ఆ రకమే. కానీ వాటికి దాదాపు 10 వేల వోల్టులు, ఆగకుండా పారే గ్యాస్ మిశ్రమం కావాలి. ఉప్పుగాలి తగిలే చోట ఆ వోల్టేజీకి పైపూతల మీదుగా కరెంటు కారుతుంది. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్‌కు 30 వోల్టుల లోపు చాలు. కృష్ణపట్నం నుంచి చీరాల దాకా తీరం వెంబడి ఎక్కడ పెట్టినా ప్లాస్టిక్కే మేలు.

పలకను ముందు టైవెక్ అనే తెల్లటి, కాగితం లాంటి ప్లాస్టిక్ షీటులో గానీ, ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపుతో గానీ చుట్టాలి. పైన అల్యూమినియం ఫాయిల్, ఆపైన నల్ల ప్లాస్టిక్, చివరికి నల్ల టేపు. చుట్టాక గదిలో దీపాలార్పి ఒకసారి, మొబైల్ టార్చి అంగుళం దూరంలో పెట్టి ఒకసారి లెక్క చూడాలి. టార్చి వేస్తే లెక్క ఎగిరితే వెలుతురు ఎక్కడో చొరబడుతోంది. నూటికి తొంభై సార్లు అది మూలల్లో గానీ, తీగ బయటికొచ్చే చోట గానీ ఉంటుంది. రోహిణీ కార్తె ఎండలకు నల్ల టేపు జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి కాబట్టి డిసెంబరులో బాగున్న పలకలోకి జూన్ నాటికి వెలుతురు చొరబడుతుంది. సెన్సరుకూ పలకకూ నడుమ రాసే సిలికాన్ గ్రీజు కూడా అంతే, వేడికి జారి గాలి బుడగలు మిగులుస్తుంది. దాని బదులు పారదర్శక సిలికాన్ ప్యాడ్ గానీ ఆప్టికల్ ఎపాక్సీ గానీ వాడితే సంకేతం నెలల తరబడి ఒకే తీరుగా ఉంటుంది.

సెన్సరు తనంతట తానే చీకట్లో కూడా సంకేతాలిస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఈ సైజు సెన్సరుకు ఆ చీకటి సంకేతాలు సెకనుకు లక్షల్లో ఉంటాయి. అందుకే ఒక్క పలక లెక్కను నమ్మకూడదు. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి పలికినప్పుడే లెక్కపెట్టాలి. దీనికి కోయిన్సిడెన్స్ అని పేరు. ఈ పనికి మంచి ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌ను బ్రూనో రోసీ 1930లోనే తయారుచేశాడు.

20 సెంటీమీటర్ల చదరపు పలకలు రెండిటిని 20 సెంటీమీటర్ల ఎడంగా పెడితే నిమిషానికి 75 నుంచి 85 జంట సంకేతాలు రావాలి. 30 వచ్చినా 300 వచ్చినా ఎక్కడో తప్పు జరిగినట్టే. ఎక్కువ వస్తే యాదృచ్ఛిక జంటలను అనుమానించాలి. వాటి సంఖ్య రెండు పలకల విడి లెక్కలను గుణించి, కోయిన్సిడెన్స్ వ్యవధికి (ఎంత ఎడంలో వచ్చిన సంకేతాలను ‘ఒకేసారి’ అనుకుంటామో ఆ కాలానికి) రెట్టింపుతో హెచ్చించినంత. ఒక్కో పలక సెకనుకు వెయ్యిసార్లు పలుకుతూ, వ్యవధి 100 నానోసెకన్లయితే, నిమిషానికి 12 దొంగ జంటలు వస్తాయి. కొలవబోయే మార్పు ఒకటిన్నర శాతమైతే ఇది పదిహేను శాతం. త్రెషోల్డ్‌ను (సంకేతం ఎంత పొడుగుంటే లెక్కలోకి తీసుకోవాలో ఆ గీతను) పెంచి విడి లెక్కను సెకనుకు వందకు దించితే దొంగ జంటలు నిమిషానికి 0.12కు పడిపోతాయి. విడి లెక్క పదో వంతయితే దొంగ లెక్క వందో వంతవుతుంది. త్రెషోల్డ్ దగ్గర పెట్టే శ్రద్ధకు ఇంతకు మించిన ప్రతిఫలం ఇంకెక్కడా దొరకదు.

చల్లబడితే పెరిగే లెక్క

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ పనిచేయడం మొదలుపెట్టే వోల్టేజీ ఉష్ణోగ్రతతో మారుతుంది. ఎక్కువగా వాడే ఒక రకంలో డిగ్రీకి 21.5 మిల్లీవోల్టులు. ఆ వోల్టేజీకి పైన మనం అదనంగా ఇచ్చేది రెండున్నర వోల్టులే. గది పది డిగ్రీలు చల్లబడితే ఆ అదనం 0.215 వోల్టు పెరుగుతుంది. అంటే సెన్సరు గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) దాదాపు 9 శాతం పెరుగుతుంది, ప్రతి సంకేతం అంత పొడుగవుతుంది, త్రెషోల్డ్ కింద దాగిన కొన్ని మ్యుయాన్లు పైకి తేలతాయి.

తుఫాను రోజున గది చల్లబడుతుంది. పీడనమూ పడుతుంది. రెండూ లెక్కను ఒకే దిక్కుకు, పైకే తోస్తాయి. డిసెంబరులో తుఫాను దాటిన మరుసటి రోజు గ్రాఫు చూసి ‘ఇదిగో పీడన ప్రభావం’ అని చూపించడం చాలా తేలిక. అందులో సగం సెన్సరు చల్లబడడం వల్ల వచ్చిందేమో అని అడిగితే మాత్రం జవాబుండదు. చిన్న మ్యుయాన్ ప్రయోగాలు ఎక్కువగా పడిపోయేది ఈ గోతిలోనే.

మొదటి మందు ప్లాటో, అంటే త్రెషోల్డ్ మారినా లెక్క పెద్దగా మారని చదును భాగం. త్రెషోల్డ్‌ను మెట్లు మెట్లుగా పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర అరగంట జంట లెక్క తీయాలి. అరగంటకు 2,400 జంటలొస్తే గణాంక దోషం 2 శాతం. పన్నెండు మెట్లకు ఆరు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పూట, తలుపులు మూసి, ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నప్పుడు చేయాలి. తక్కువ త్రెషోల్డ్ దగ్గర లెక్క నిటారుగా పడుతుంది, అది చీకటి సంకేతాల భాగం. తర్వాత చదునుగా సాగుతుంది. ఇంకా పెంచితే మళ్లీ పడుతుంది, అక్కడ నిజం మ్యుయాన్లే పోతున్నాయి. పని చేయాల్సింది నడుమ చదునులో. మామూలు మ్యుయాన్ సంకేతంలో సగానికి కాస్త దిగువన త్రెషోల్డ్ ఉంటే గెయిన్ 9 శాతం మారినా లెక్క పెద్దగా కదలదు. చదునే కనబడకపోతే అతుకు బాగాలేదనో, వెలుగు చాలడం లేదనో అర్థం. అలాంటి పలకను తుఫాను కోసం కాచుకునే ప్రయోగంలో వాడకూడదు.

రెండో మందు మూడో పలక. పలకలకు డబ్బులుంటే పెద్ద పలకలు కొనాలా, అదనంగా ఒకటి కొనాలా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. అదనపు పలకే కొనాలి. మూడింటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి, పైదీ కిందిదీ పలికిన ప్రతిసారీ నడిమిది పలికిందా లేదా చూస్తే దాని సామర్థ్యం నేరుగా తెలుస్తుంది. పై, కింది పలకల గుండా పోయే మ్యుయాన్ నడిమి పలకను తప్పించుకోలేదు కదా. గంటకు 4,800 జంటల్లో 98 శాతం సార్లు నడిమిది పలికితే, ఆ 98 శాతంలో దోషం 0.2 శాతమే. అదే గంటలో మ్యుయాన్ల లెక్కలో దోషం 1.4 శాతం. అంటే డిటెక్టరు ఆరోగ్యం మ్యుయాన్ల సంఖ్య కంటే ఏడు రెట్లు ఖచ్చితంగా గంట గంటకూ తెలుస్తుంది. తుఫాను నడుస్తుండగానే సెన్సరు మారిందా లేదా అన్నది పట్టుకోవడానికి ఇంతకన్నా సులువు దారి లేదు. ఒక మెలిక ఉంది: ఇది నడిమి పలక గురించి మాత్రమే చెబుతుంది. అందుకే మూడింటినీ ఒకే రకం సెన్సర్లతో, ఒకే పెట్టెలో పెట్టి, కొన్ని వారాలకోసారి స్థానాలు మార్చి చూసుకోవాలి.

మొదట చెప్పిన జెనీవా సొరంగాన్ని నడిపే సెర్న్‌లో, సీఎంఎస్ అనే పెద్ద డిటెక్టరు దగ్గర చేసేదీ ఈ కోవలోదే. జెడ్ బోసాన్ అనే బరువైన కణం రెండు మ్యుయాన్లుగా విడిపోయినప్పుడు ఒకదాన్ని గట్టిగా గుర్తించి, రెండోదాన్ని డిటెక్టరు పట్టుకుందా అని చూసి సామర్థ్యం లెక్కగడతారు. దీనికి ట్యాగ్ అండ్ ప్రోబ్ అని పేరు. 2014 నుంచి సీఎంఎస్ తన సమాచారాన్ని విడతలుగా బహిరంగంగా పెడుతోంది కాబట్టి, ఒంగోలులో కూర్చుని కూడా రెండు మ్యుయాన్ల ద్రవ్యరాశి గ్రాఫులో 3.1 దగ్గర జే సై అనే మరో కణం శిఖరాన్నీ, 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర జెడ్ శిఖరాన్నీ తీయవచ్చు. ఆ పనీ, ఈ మూడు పలకల పనీ ఒకే విద్యార్థి చేస్తే రెండూ బాగా అర్థమవుతాయి.

వాన, మిద్దె, కరెంటు

వాన పడితే గాలిలోని రేడాన్ సంతతి, అంటే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు విఘటనం చెందగా పుట్టే సీసం-214, బిస్మత్-214, నీటితో పాటు నేలకు దిగుతాయి. వాటి అర్ధాయువులు 27, 20 నిమిషాలు. అవి వదిలే గామా కిరణాల వల్ల ఒక్కో పలక విడి లెక్క వాన మొదలయ్యాక పెరిగి, వాన ఆగాక గంటా రెండు గంటల్లో దిగుతుంది. కోయిన్సిడెన్స్ దీన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది, ఎందుకంటే ఒకే గామా రెండు పలకల్లోనూ తగినంత శక్తి వదలడం అరుదు. ఒక్క పలకతో తుఫానును కొలిచామని చెప్పే ఫలితాల్లో కనిపించేది మ్యుయాన్లు కాకపోవచ్చు, రేడాన్ కావచ్చు.

డిటెక్టరు పెట్టే బల్ల రాయి కూడా ఆలోచించదగ్గదే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూవిజ్ఞానం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. అసలు గ్రానైట్‌లో కంటే దాంట్లో పొటాషియం తక్కువ. కాబట్టి గామాల బెడదా తక్కువ. పక్కనే ప్రకాశం జిల్లాలో దొరికే రాయి ఇంత పనికొస్తుంటే ఎర్ర గ్రానైట్ బల్ల ఎందుకు?

మిద్దె మీది నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. 10 హెక్టోపాస్కల్స్ పీడనం అంటే బరువులో 10.2 సెంటీమీటర్ల నీటితో సమానం. తుఫానుకు గాలి బరువు అంత తగ్గినప్పుడే, వేపాకులు అడ్డుపడి మిద్దె తూము మూసుకుపోయి పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే, తగ్గిన బరువు మళ్లీ డిటెక్టరు నెత్తిన చేరినట్టే. గాలి పీడన ప్రభావంలో ఒక భాగం మ్యుయాన్లు పుట్టే ఎత్తు మారడం వల్ల వస్తుంది, దాన్ని నీళ్లు పూడ్చలేవు. శోషణ భాగాన్ని మాత్రం బాగానే పూడుస్తాయి. డిటెక్టరు పై అంతస్తులో ఉంటే అక్టోబరు రాకముందే తూములు శుభ్రం చేయించాలి. ఈశాన్య రుతుపవనాల్లో నిలిచిన నీటి లోతును స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకోవాలి.

ఉరుములు మెరుపులతో కూడిన మేఘాలది వేరే కథ. ఊటీలోని గ్రేప్స్-3 టెలిస్కోపు 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మేఘం కింద మ్యుయాన్లు దాదాపు 2 శాతం తగ్గడాన్ని చూసింది. ఆ తగ్గుదల నుంచి మేఘంలో 1.3 గిగావోల్టుల విద్యుత్ పొటెన్షియల్ ఉండి ఉంటుందని లెక్కగట్టింది. 560 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న ఆ పరికరానికి నిమిషాల్లో సాగే మార్పు కనిపిస్తుంది. మన పలకల వైశాల్యం 0.04 చదరపు మీటరు. అంత చిన్న వ్యవధి మార్పు వాటికి అందదు, అయినా దగ్గర్లో ఉరిమిన గంటలను విడిగా గుర్తు పెట్టుకోవడం మంచిది.

కరెంటు పోతుంది, అనుమానమే లేదు. ఇన్వర్టరు ఆన్ అయ్యేటప్పుడు వచ్చే విద్యుత్ కుదుపు రెండు పలకల సర్క్యూట్లలోనూ ఒకేసారి పుడుతుంది. కోయిన్సిడెన్స్ విడివిడిగా వచ్చే రొదను ఆపుతుంది గానీ, కలిసి వచ్చే రొదను ఆపలేదు. అందుకే ఇన్వర్టరును తప్పించి బ్యాటరీ నుంచే నేరుగా 12 వోల్టుల డీసీ తీసుకోవాలి. మొత్తం పరికరం 3 వాట్లు తింటుందనుకుంటే, 100 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో సగం వాడుకున్నా 600 వాట్ అవర్స్, అంటే 200 గంటలు. ఎనిమిది రోజులు కరెంటు రాకపోయినా లెక్క ఆగదు. ఇన్వర్టరు ద్వారా తీసుకుంటే అది ఖాళీగా ఉండి తినే కరెంటే పరికరం తినేదానికంటే ఎక్కువ.

నెట్ పోయినప్పుడు గడియారం తప్పకుండా డీఎస్3231 లాంటి చిప్ పెట్టాలి. దాని దోషం ఏడాదికి నిమిషం. మెమరీ కార్డులోకి రాసే ఫైలును నిమిషానికోసారి మూసి మళ్లీ తెరవాలి, లేకుంటే వోల్టేజీ పడిన క్షణాన రోజంతటి లెక్క పోతుంది. పీడనానికి బీఎంఈ280 సెన్సరు సరిపోతుంది. నిజ విలువలో అది ఒక హెక్టోపాస్కల్ దాకా తప్పినా, పెరుగుదల తగ్గుదలలను 0.12 హెక్టోపాస్కల్ వరకు సరిగా చెబుతుంది. మనకు కావలసింది ఆ రెండోదే. దాన్ని మైక్రోకంట్రోలర్ పక్కన బిగిస్తే బోర్డు వేడినే గది వేడిగా చూపుతుంది కాబట్టి, ఉష్ణోగ్రతకు వేరే సెన్సరును పలక ఫోటోమల్టిప్లయర్‌కు ఆనించి పెట్టాలి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారగానే మార్చాలి. తీగ దూరే రంధ్రాలకు మైనం పూయాలి, సిలికా జెల్ కోసం కాకపోయినా చీమల కోసమైనా.

తుఫాను రాకముందే చేయాల్సిన లెక్క

ఉష్ణోగ్రత, పీడనం రెండూ ఒకేసారి మారే తుఫాను రోజుల నుంచి పీడన గుణకం (పీడనం ఒక హెక్టోపాస్కల్ మారితే మ్యుయాన్లు ఎంత శాతం మారతాయో ఆ అంకె) తీయాలని చూడడం తప్పు. దాన్ని ప్రశాంతమైన రోజుల నుంచి తీయాలి. దానికి ఉష్ణమండల వాతావరణం ఒక మంచి సాధనం ఇస్తుంది. దక్షిణ భారతంలో పీడనం రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ గరిష్ఠం, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ కనిష్ఠం. ఎక్కువ తక్కువలకు తేడా 3, 4 హెక్టోపాస్కల్స్. గది ఉష్ణోగ్రత మాత్రం ప్రధానంగా రోజుకు ఒక్కసారే ఎక్కి దిగుతుంది. కాబట్టి మ్యుయాన్ లెక్కలో పన్నెండు గంటల అల కనిపిస్తే అది ఎక్కువ భాగం పీడనానిది, ఇరవై నాలుగు గంటల అల కనిపిస్తే ముందు సెన్సరును అనుమానించాలి. నడిమి పలక సామర్థ్యం కూడా ఇరవై నాలుగు గంటల అలతో ఊగుతుంటే ఆ అనుమానం నిజమే.

అల ఎత్తు మాత్రం చిన్నది, అర శాతం. గంటకు 1.4 శాతం దోషంతో ఒక్క రోజులో అది కనబడదు. అరవై రోజులు ఒకే గంటకు చెందిన లెక్కలన్నీ కలిపితే దోషం 0.18 శాతానికి దిగుతుంది, అల తేలుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఇందుకు వాడుకోవాలి. సూర్యుడి నుంచి వచ్చే కుదుపులు దక్షిణ భారతంలో కాస్త తక్కువే తగులుతాయి. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడికి సుమారు 17 గిగావోల్టుల రిజిడిటీ (అయస్కాంత క్షేత్రానికి వంగకుండా నిలిచే గుణం) దాటిన కణాలే నిలువుగా చేరతాయి. అయినా పెద్ద సౌర తుఫాను వచ్చిన రోజులను లెక్కలోంచి తీసేయడం సురక్షితం.

అలా వచ్చిన గుణకాన్ని, దాని దోషంతో సహా, అక్టోబరు మొదటి వారానికల్లా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. త్రెషోల్డ్ కూడా ఆ తర్వాత ముట్టుకోకూడదు. వాయుగుండం వచ్చాక బారోమీటరు చూపిన తగ్గుదలతో ఆ గుణకాన్ని గుణించి, ఎంత పెరగాలో ముందే లెక్కగట్టి, తర్వాతే మ్యుయాన్ ఫైలు తెరవాలి. ఆరు గంటల లెక్క కలిపితే 28,800 జంటలు, దోషం 0.6 శాతం. ఒకటిన్నర శాతం పెరుగుదల దానికి రెండున్నర రెట్లు. ఇది సూచన మాత్రమే అవుతుంది. పన్నెండు గంటల పాటు పీడనం తక్కువగా నిలిస్తే 0.42 శాతం దోషంతో మూడున్నర రెట్లకు చేరుతుంది. ఇలాంటి పెట్టె ఒకటి నెల్లూరులో, మరొకటి కావలిలో, ఇంకొకటి ఒంగోలులో పెట్టి మూడింటినీ కలిపితే దోషం ఇంకో 1.7 రెట్లు తగ్గడమే కాదు, తుఫాను కేంద్రం దగ్గరున్న ఊళ్లో ముందూ ఎక్కువా, దూరంగా ఉన్న ఊళ్లో తక్కువా పెరిగిందా అన్నది కూడా తెలుస్తుంది. సెన్సరు చల్లబడడం వల్ల వచ్చే దొంగ పెరుగుదల వాన పడిన ప్రతి ఊళ్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. పీడనం వల్ల వచ్చేది మాత్రం తుఫాను కేంద్రానికి ఏ ఊరు ఎంత దగ్గరో దాన్ని బట్టి మారుతుంది.